నోరు మెదపకుండా చూసిన హాలాంగ్ బే

"మీకు హాలాంగ్ బే వెళ్లాలని ఎందుకనిపించింది?" అని చాలామంది అడుగుతున్నారు. నాకేమీ అనిపించలేదండీ. డాక్టరమ్మ నన్ను పది రోజులు నోరు మూసుకోమంది, అందుకని వెళ్లాం. వియత్నాం సముద్రం మీద మూడు రోజుల పడవ ప్రయాణానికి ఇంతకన్నా గొప్ప కారణం మా దగ్గర లేదు. అయినా అటు వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని దారి, ఖర్చు, చూడాల్సినవి అన్నీ రాస్తున్నాను. మధ్యమధ్యలో నా సొంత గొడవ కూడా ఉంటుంది, కాస్త భరించండి.

హైదరాబాద్ అమీర్‌పేటలో నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టూల్స్ చెబుతాను. పన్నెండేళ్లుగా ఇదే పని. తెల్లవారుజామున ఐదున్నరకి అమెరికాలో ఉన్నవాళ్లకి ఆన్‌లైన్ బ్యాచ్, ఏడున్నరకి ఒకటి, తొమ్మిదింటికి ఇంకొకటి, సాయంత్రం ఆరున్నరకి ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి మరొకటి. ఒక్కో గదిలో నూటపాతిక మంది. కింద మెట్రో కోసం తవ్విన గుంటల్లోంచి దుమ్ము లేస్తుంటుంది, పక్క గదిలో జావా చెప్పే మహానుభావుడు గోడలు అదిరేలా అరుస్తుంటాడు. ఆయన్ని మించి నేను అరవాలి. మైకు ఉంటుంది కదా అంటారేమో, మైకు చేతిలో ఉన్నా అరిచే జాతి మాది. పైగా అమీర్‌పేటలో పిల్లలు ఇన్‌స్టిట్యూట్ బోర్డు చూసి చేరరు. మొదటి రెండు రోజులు డెమో క్లాసులో ఉచితంగా కూర్చుంటారు, చెప్పే గొంతు నచ్చితేనే మూడో రోజు ఫీజు కడతారు. నా ఇల్లు గడిచేదంతా ఆ గొంతు మీదే.

వానాకాలంలో గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగాను, ఉప్పు నీళ్లు పుక్కిలించాను, ఆపకుండా క్లాసులు చెప్పాను. ఒక రోజు తొమ్మిది గంటల బ్యాచ్‌లో బోర్డు మీద రాస్తూ వెనక్కి తిరిగి మాట్లాడబోతే గాలి వచ్చింది, మాట రాలేదు. నా భార్య సుజాత పంజాగుట్టలో ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తుంది. వాళ్ల ఆఫీసు వెనక వీధిలో ఉన్న గొంతు డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దూర్చి, స్వరతంతువుల మీద రెండు పక్కలా బొడిపెలు లేచాయని తెర మీద చూపించింది. "పది రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస అసలే వద్దు, అది అరుపుకన్నా చెడ్డది. పదకొండో రోజు పొద్దున్న మెల్లగా ఒకే ఒక్క మాట అని చూడండి, మర్నాడు ఇంకో రెండు. శుభ్రంగా పలికితే సరే. గాలే వస్తే ఆపరేషన్ సంగతి, ఆ తర్వాత వేరే పని సంగతి ఆలోచిద్దాం" అంది. వేరే పనట! నాకు మాట్లాడటం తప్ప ఇంకేం వచ్చని?

రెండో రోజే కొంప మునిగింది. పొద్దున్నే ఇడ్లీ బండి దగ్గర నిలబడి ఉంటే నా పాత విద్యార్థి ఒకడు వచ్చి, "సార్, ఇంటర్వ్యూల సివియారిటీకి ప్రయారిటీకి తేడా అడిగిన్రు సార్, మస్తు కన్ఫ్యూజ్ అయిన" అన్నాడు. అంతే. మాకు డౌట్ అడిగితే నోరు మా చెప్పుచేతల్లో ఉండదు. చట్నీ గిన్నె పట్టుకుని, బొంగురు గొంతుతో, తప్పు ఎంత పెద్దదన్నది ఒకటి, ఎంత తొందరగా దిద్దాలన్నది ఇంకొకటి అని ఉదాహరణతో సహా చెప్పి పారేశాను. వెనక్కి తిరిగితే సుజాత. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "లెక్క మళ్లీ ఒకటి నుంచి" అంది. ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకుని పంజాగుట్టలో ఒక ట్రావెల్స్ ఆఫీసుకి తీసుకెళ్లింది. నేను ఒక చిన్న తెల్ల పలక, మార్కరు చంకలో పెట్టుకుని పక్కన కూర్చున్నాను.

"సార్ జర కోపంగున్నట్టున్నడు?" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు.

"కోపం కాదండీ, మాట్లాడకూడదు. ఎవరూ పలకరించని చోటు కావాలి మాకు. గోవా ఎలా ఉంటుంది?"

"గోవాల మస్తు లొల్లి మేడం. సగం అమీర్‌పేట ఆడ్నే ఉంటది. గిది చూడున్రి, వియత్నాం. సముద్రంల గుట్టలు లేసినయ్. పడవలనే పండుడు, పడవలనే తినుడు. మనోళ్లు ఒక్కరు సుత కనవడరు."

ఆ చివరి మాటకి సుజాత పడిపోయింది. విదేశంలో ఆన్‌సైట్ ఉద్యోగం వస్తుందన్న ఆశతో ఎప్పుడో తీసుకున్న పాస్‌పోర్టులు ఇద్దరివీ బీరువాలో ఉన్నాయి. బ్యాంకాక్ మీదుగా హనోయికి రానుపోను విమానం, రెండు రాత్రుల పడవ, వీసా, హోటలు, తిండి అన్నీ కలిపి మనిషికి యాభై వేల లోపు తేలింది. వీసాకి ముందుగా ఒక అనుమతి పత్రం తెప్పిస్తారు, నాలుగు రోజులు పట్టింది. అది చేతిలో పట్టుకుని హనోయి విమానాశ్రయంలో డబ్బు కడితే ముద్ర వేస్తారు. రెండు ఫొటోలు తప్పకుండా దగ్గర పెట్టుకోండి.

కొత్త లెక్కలో ఆరో రోజు రాత్రి విమానాశ్రయానికి క్యాబ్ ఎక్కాం. డ్రైవరు ఎర్రగడ్డ వైపు మనిషి, సలీం భాయ్. మెహదీపట్నం దాటేదాకా ఓపిక పట్టి, ఇక ఉండబట్టలేక, "అన్న ఏం మాట్లాడ్తలేడు మేడం, మొక్కుకున్నడా?" అని అడిగాడు. సుజాత ఉన్న సంగతి చెప్పింది. "ఫికర్ జేయకున్రి. మా అబ్బా మసీదుల అజాన్ ఇస్తుండె. ఒకపారి గొంతు మొత్తం పోయింది. నెల దినాలు సప్పుడు జేయలే. మల్ల వచ్చినంక జూడాలె, బస్తీ చివరిదాంక ఇనవడేది" అన్నాడు. చీకట్లో ఆయనకి కనపడదని తెలిసి కూడా నేను రెండు చేతులూ జోడించాను.

హనోయిలో ఒక రోజు విశ్రాంతి తీసుకున్నాం. తొమ్మిదో రోజు పొద్దున్న ఎనిమిదింటికి మినీ బస్సు హోటలు దగ్గరికే వచ్చింది. హాలాంగ్ రేవుకి నాలుగు గంటల దారి, మధ్యలో ఒక పెద్ద దుకాణం దగ్గర అరగంట ఆపుతారు. అక్కడ ధరలు మండిపోతాయి, బాత్‌రూమ్‌కి వెళ్లి వచ్చేయండి చాలు. దారి పొడుగునా వరిపొలాలు. "అచ్చం మా తణుకులాగే ఉంది, ఇంత దూరం వచ్చి వరిచేలు చూడటమేంటండీ" అని సుజాత గొణుగుతూనే ఉంది. పన్నెండున్నరకి రేవులో దిగి, చిన్న మోటారు పడవలో మా పెద్ద పడవకి చేరాం. చెక్క పడవ, మొత్తం తెల్లరంగు, పది గదులు. గైడు పేరు మిన్, ముప్పై ఏళ్లుంటాయి, ఇంగ్లీషు నిదానంగా మాట్లాడతాడు. నా పలక మీద "గొంతుకి జబ్బు, మాట్లాడకూడదు" అని రాసి చూపిస్తే, గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు.

భోజనం చేస్తుండగా పడవ కదిలింది. మొదట దూరంగా బూడిదరంగు గీతలా ఏదో కనిపించింది. కాసేపటికి ఆ గీత విడిపోయి కొండలయింది. ఇంకాసేపటికి ఆ కొండలు మా చుట్టూ ఉన్నాయి. నీళ్లలోంచి నిట్టనిలువుగా లేచిన సున్నపురాతి కొండలు, కొన్ని పది అంతస్తుల ఎత్తు, కొన్ని ఇరవై. ఒకదాని వెనక ఒకటి, దాని వెనక ఇంకొకటి, చివరికి పొగమంచులో కలిసిపోయేదాకా. ఒడ్డన్నది లేదు. నీళ్ల దగ్గర రాయి లోపలికి కోసుకుపోయి ఉంది, పైన మాత్రం చెట్లు వేళ్లతో రాతిని పట్టుకుని వేలాడుతున్నాయి. నీళ్లు ముదురాకుపచ్చగా, అల లేకుండా ఉన్నాయి. ఇలాంటి దీవులు పదహారు వందల పైనే ఉన్నాయట. శత్రువులు ఓడల మీద వస్తే తల్లి డ్రాగన్ ఒకటి ఆకాశంలోంచి దిగి, నోట్లోంచి రత్నాలు ఉమ్మిందని, అవే ఈ దీవులయ్యాయని మిన్ చెప్పాడు. సుజాత చెంచా ప్లేటులో వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడిపోయింది. నేను పలక తీసి అలవాటుగా "1." అని రాశాను. ఏం రాయాలో తెలియలేదు. పన్నెండేళ్లలో బోర్డు మీద ఒకటి వేసి ఆగిపోవడం నాకు అదే మొదలు.

మొదటి రోజు రెండు చోట్లకి తీసుకెళ్తారు. సుంగ్ సాట్ గుహకి మెట్లెక్కి వెళ్లాలి. మొదటి గది చూసి ఇంతేనా అనుకుంటాం, ఒక సందులోంచి దూరి చివరి గదిలోకి వెళ్తే నోరు తెరుచుకుంటుంది. మా ఇన్‌స్టిట్యూట్ బిల్డింగు మొత్తం అందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. అక్కణ్ణించి టిటోప్ దీవి. నాలుగు వందల చిల్లర మెట్లు, చెప్పులతో ఎక్కకండి, బూట్లు వేసుకోండి, నీళ్లసీసా పట్టుకెళ్లండి. సాయంత్రం ఐదింటికి పైకి చేరాం. వెనక్కి తిరిగి చూస్తే కింద అఖాతం అంతా బంగారు రంగు నీళ్లు, అందులో నల్లటి దీవులు, మధ్యలో అగ్గిపెట్టెలంత తెల్ల పడవలు. నా ప్రమేయం లేకుండా నోరు తెరుచుకుంది. "అబ్బ" అనేది పెదాల దాకా వచ్చింది. సుజాత అరచెయ్యి ఫట్‌మని నా నోటి మీద పడింది. పక్కనున్న తెల్లవాళ్లు, ఈ మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటున్నారనుకుని బెదిరిపోయి చూశారు. ఆవిడ చెయ్యి తియ్యలేదు. ఆ చెయ్యి అలా మూసి ఉండగానే సూర్యుడు దీవుల వెనక్కి వెళ్లడం చూశాను.

రాత్రి వంట క్లాసు ఉంటుంది, బియ్యపు కాగితంలో కూర చుట్టడం నేర్పిస్తారు. నేర్చుకోండి, తేలికే. వంటాయనది యాభై దాటిన వయసు, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. సుజాత ఆవకాయ సీసా తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది. వేలితో రుచి చూసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ వేలు పెట్టాడు. నా వైపు చూపించి మిన్‌ని ఏదో అడిగాడు, లోపలికి వెళ్లాడు. పావుగంటకి ఒక గ్లాసు తెచ్చి నా ముందు పెట్టాడు. చిన్న నారింజల్లాంటి కాయలు తేనెలో ఉడికించి వేడి నీళ్లు పోశారు. "మా ఇళ్లలో గొంతుకి ఇదే మందు. ఆయన కూతురు పాటలు పాడుతుందట, ఆమెకీ ఇదే ఇస్తాడట" అని మిన్ చెప్పాడు. ఆ తర్వాత పడవలో ఉన్నన్ని పూటలూ అడగకుండానే ఆ గ్లాసు వచ్చింది.

పదో రోజు కయాకింగ్. మీరు ఇంకేది మానుకున్నా ఇది మానుకోకండి. ఇద్దరు కూర్చునే సన్నటి పడవ, చెరో తెడ్డు. ఈత రాకపోయినా ఫరవాలేదు, లైఫ్ జాకెట్ వేస్తారు. బరువైనవాళ్లు వెనక కూర్చుని నడపాలన్నాడు మిన్. సుజాత ముందు, నేను వెనక. తడిసిపోతుందని పలక పెద్ద పడవలోనే వదిలేశాను. కొండ కింద తలకి తగిలేంత పొట్టి సొరంగం ఉంది, లువాన్ గుహ అంటారు. దానిలోంచి వంగి అవతలికి వెళ్లేసరికి చుట్టూ నాలుగు వైపులా కొండలు, మధ్యలో గుండ్రటి చెరువులాంటి నీళ్లు. పైన ఆకాశం ముక్క. కొండ అంచున కోతులు కూర్చుని ఉన్నాయి. మాతో వచ్చినవాళ్లు ప్రతిధ్వని కోసం కేకలు పెట్టి, సరదా తీరాక వెళ్లిపోయారు. తర్వాత తెడ్డు మీంచి జారే చుక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంత నిశ్శబ్దం ఒకటి ఉంటుందని నాకు తెలియదు. 

"ఏమండీ" అంది సుజాత, వెనక్కి తిరక్కుండా. "మీరు మాట్లాడలేరు కాబట్టి చెబుతున్నాను. మామూలుగా అయితే నన్ను చెప్పనివ్వరు, మధ్యలోనే అందుకుంటారు. పెళ్లయిన కొత్తలో వంటింట్లో పీట వేసుక్కూర్చుని ఎన్ని కబుర్లు చెప్పేవారు! ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి వచ్చి, అన్నం కలుపుకుంటూ అన్నింటికీ తలూపుతారు. మాటలన్నీ అమీర్‌పేటలో ఖర్చు పెట్టేసి వస్తారు. నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో తెలుసా? ఇదిగో, ఇలా రా, అంతే."

నేను తెడ్డు వెయ్యడం ఆపేశాను.

"డబ్బు గురించి నాకు బెంగ లేదు. నా జీతం ఉంది, ఎలాగో నెట్టుకొస్తాం. డాక్టరమ్మ ఆ తెర మీద చూపించినప్పుడు నాకు వేరే భయం పట్టుకుంది. ఈ గొంతు పోతే ఇంక ఈయన నన్ను పిలవరు కదా అని. సిగ్గులేకుండా చెబుతున్నాను. వింటున్నారా?"

నేను తలూపాను. ఆవిడ వెనక్కి తిరిగితే పడవ ఒరుగుతుంది, తిరగలేదు, నా తల ఆవిడకి కనపడదు. చెయ్యి చాపితే అందదు. మాట లేదు, పలక లేదు. చివరికి తెడ్డు చాపి దాని వెడల్పాటి కొసతో ఆవిడ వీపు మీద మెల్లగా తట్టాను. చల్లటి నీళ్లు వీపు మీద కారి ఆవిడ ఉలిక్కిపడింది, "ఛీ, ఇదేం సమాధానమండీ" అని నవ్వింది. ఆ నవ్వు నాలుగు కొండలకీ తగిలి తిరిగొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. వెనక సీటు కాబట్టి ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నం ముత్యాలు పెంచే చోటు, నీళ్ల మీద తేలే పల్లె చూశాం. పల్లె చూడటానికి ఒక స్థానికురాలు వెదురు పడవలో తిప్పుతుంది, ఆ రుసుము ప్యాకేజీలోనే ఉంటుంది, ఆమె చేతిలో ఏదైనా విడిగా పెట్టండి. ఇళ్ల ముందు కుక్కలు, పూలకుండీలు, బట్టలారేసిన తాళ్లు, అన్నీ నీళ్ల మీదే. మామూలుగా అయితే పేజీ రాసేవాణ్ణి. ఆ రోజు నా మనసు మర్నాటి పొద్దుటి మీదే ఉంది. పదకొండో రోజు పలకాల్సిన ఆ ఒక్క మాట ఏమిటో అప్పటికే నిర్ణయించుకున్నాను. సుజాతా అని పిలవాలి. అంతే.

పదకొండో రోజు ఆరింటికి డెక్ మీదికి వెళ్లాం. ఆ వేళకి తాయ్ చి నేర్పిస్తారు, చేతులు నెమ్మదిగా గాలిలో తిప్పడం. అది అయిపోయి అందరూ టీకి కిందికి దిగారు. మంచు ఇంకా నీళ్ల మీదే ఉంది, దీవులు ఒక్కొక్కటిగా అందులోంచి బయటికొస్తున్నాయి. సుజాత డెక్ అంచున కటకటాలు రెండు చేతులతో పట్టుకుని, నా వైపు చూడకుండా, "కానివ్వండి" అంది. ఆవిడ వేళ్లు తెల్లబడిపోయాయి.  వేడి నీళ్లు ఒక గుక్క తాగాను. కళ్లు మూసుకుని, గాలి పీల్చుకుని, నోరు తెరిచాను.

"హలో, వినిపిస్తోందా?"

పన్నెండేళ్ల ఆన్‌లైన్ బ్యాచ్ అండీ. తెల్లవారుజామున హెడ్‌సెట్ తగిలించుకోగానే నోట్లోంచి వచ్చే మొదటి మాట అది. పొద్దున్నే నోరు తెరిస్తే అదే వచ్చింది, నేనేం చెయ్యను! కానీ గొంతు గాలి కాదు. కొంచెం గరుకుగా ఉంది, చివర్లో శుభ్రంగా పలికింది. నా గొంతే అది.

సుజాత ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత కటకటాలకి తల ఆనించి పగలబడి నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. "వినిపిస్తోంది, బాగా వినిపిస్తోంది" అంది. నేను అసలు మాట అనబోయాను. అరచెయ్యి మళ్లీ వచ్చి పడింది. "ఈ రోజుకి అయిపోయింది. డాక్టరమ్మ ఒక్కటే అంది." పది రోజులు కూడబెట్టుకున్నదాన్ని అలా తగలేశాను. మర్నాడు హనోయి హోటల్లో, ఆవిడ పెట్టె సర్దుతుండగా, రెండు మాటలకి అనుమతి ఉంది కాబట్టి రెండింటినీ ఒకేదానికి వాడాను. "సుజాతా" అన్నాను. మడత పెడుతున్న చొక్కా చేతిలోనే ఉంచుకుని, తల ఎత్తకుండా, "ఇంకోసారి" అంది. అన్నాను.

తిరిగొచ్చాక డాక్టరమ్మ మళ్లీ గొట్టం దూర్చి చూసింది. బొడిపెలు సగానికి తగ్గాయట, పూర్తిగా పోవడానికి టైం పడుతుందట. రోజుకి రెండు బ్యాచ్‌ల కన్నా ఎక్కువ వద్దంది, సరేనన్నాను. తొమ్మిదింటి బ్యాచ్, సాయంత్రం బ్యాచ్ వదిలేశాను. పన్నెండేళ్లు నేను ప్రతిదాన్నీ వివరించి బతికాను. ఆ అఖాతంలో వివరించడానికి ఏమీ లేదు, నేను మాట్లాడకపోతే దానికి వచ్చిన లోటూ లేదు. అంత పెద్దదాని ముందు నోరు కట్టేసుకుని కూర్చుంటే, నా పక్కన మనిషి ఏమంటోందో వినపడింది. అందుకు నాకు సంతోషంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒకే ఒక్క సలహా. ఒక రాత్రి ప్యాకేజీ చవగ్గా వస్తుంది, అందరూ అదే అంటగడతారు, తీసుకోకండి. కొంచెం ఎక్కువైనా రెండు రాత్రులది తీసుకోండి. మొదటి రోజంతా మనం ఫొటోలు తీస్తూ, ఆహా ఓహో అంటూ వాగుతూనే ఉంటాం. రెండో రోజుకి గానీ, ఏ డాక్టరూ చెప్పకుండానే, నోరు దానంతట అది మూతపడదు.